కమర్షియల్ గీత మా వీధిలో ఎక్కడ ఆగుతుంది?

తెలంగాణ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రివర్యులకు నమస్కారం.

హైదరాబాద్‌లో చాలా ప్రధాన రోడ్లను 2007లో జీవో 766 కింద వాణిజ్య రోడ్లుగా ప్రకటించారు. ఇంపాక్ట్ ఫీజు (వాణిజ్య వాడకానికి కట్టే రుసుము) కట్టి షాపులు వేసుకోవచ్చన్నారు. మా కాలనీ ముందున్న రోడ్డూ కమర్షియలే. దానితో మాకు పేచీ లేదు. మందుల షాపు, టిఫిన్ సెంటర్ నాలుగడుగుల్లో ఉంటే ఎవరికి చేదు? పేచీ అంతా రెండో వరస ప్లాట్ల గురించే.

ముందు ప్లాటు రోడ్డును ఆనుకుని ఉంది. దాని వెనక ప్లాటుకు దారి మా 30 అడుగుల వీధిలోంచే. ఒకరే రెండూ కొని, ఒక్క ప్లాటుగా కలిపేసి, అందులో షోరూం కట్టి, మొత్తం స్థలం రోడ్డును ఆనుకున్నదే అంటున్నారు. మధ్య గోడ పడగొట్టగానే కమర్షియల్ గీత ఒక ఇల్లు లోపలికి జరిగింది. రేపు మూడోది కొంటే ఇంకో ఇల్లు. స్థలం ఇళ్లకా, వ్యాపారానికా అన్న జోన్‌ను నిర్ణయించేది నగర మాస్టర్ ప్లానా, రిజిస్ట్రేషన్ దస్తావేజా?

మాస్టర్ ప్లాన్‌లో భూ వినియోగం మార్చాలంటే చట్టం ప్రకారం పత్రికలో ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు కోరాలి. మా వీధి గురించి అలాంటి ప్రకటన మా కంటపడలేదు. ఆఫీసుకెళ్లి అడిగితే, "షోరూంవాళ్లు ఆస్తిపన్ను కమర్షియల్ రేటుకే కడుతున్నారు కదండీ" అన్నారు. పన్ను కట్టినంత మాత్రాన వాడకం సక్రమమైపోతే ఇక టౌన్ ప్లానింగ్ ఎందుకు, బిల్ కలెక్టర్లే చాలు.

షోరూం అద్దాలు రోడ్డు వైపు. జనరేటరు, ఏసీ యూనిట్లు, సరుకు దించే షట్టరు మా వైపు. పిల్లల స్కూల్ ఆటో వచ్చే వేళకే సరుకు తెచ్చే డీసీఎం వ్యాను అడ్డంగా ఆగి ఉంటుంది. ఎదురింటి పెద్దావిడ డీజిల్ మసి పడలేక వంటింటి కిటికీకి ప్లైవుడ్ చెక్క కొట్టించుకున్నారు. పట్టపగలు లైటు వేసుకుని వంట చేస్తున్నారు.

శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతంలో పరిమితి 45 డెసిబెల్స్, వాణిజ్య ప్రాంతంలో 55. గీత ఎటుందో తేలితే తప్ప ఆవిడ కిటికీకి ఏది వర్తిస్తుందో చెప్పే నాథుడు లేడు.

నోయిడాలో ఇళ్ల ప్లాట్లలో బ్యాంకులు, నర్సింగ్ హోములు నడపడం కుదరదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడి ప్లాట్లు లీజువి, మా పరిస్థితి అచ్చంగా అదే కాదు. అయినా నివాసానికని కేటాయించిన చోట సొంత ఇష్టానికి వ్యాపారం పెట్టకూడదన్న మాట మాకూ పనికొస్తుంది.

మేం షోరూం మూయించమనడం లేదు. వాణిజ్య రోడ్డు నుంచి ఎంత లోతు వరకు కమర్షియలో మీటర్లలో రాసి ఉత్తర్వు ఇవ్వండి. ప్లాట్లు కలిపినా వెనకది నివాస స్థలంగానే ఉండాలి. ముందున్న భవనానికి రాకపోకలు, సరుకు దింపుడు ప్రధాన రోడ్డు నుంచే జరగాలి. ఏ ప్లాటు ఏ జోనో నంబర్లతో సహా వార్డు ఆఫీసు గోడకు అంటించండి. రోడ్డు మీద స్థలం ఉన్నవాళ్లకూ ఎంతవరకు కట్టుకోవచ్చో తెలుస్తుంది.

ఈ భవనానికి ఇంకా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (వాడుకోవచ్చని ఇచ్చే ధ్రువపత్రం) ఇవ్వలేదని విన్నాం. ఇచ్చేలోపు లేఅవుట్ పటం, టేపు పట్టుకుని ఒక అధికారిని మా వీధి వైపు గేటు దగ్గరకు పంపండి.

ఇట్లు,
రెండో వరస ఇళ్లవాళ్ల తరఫున ఒక కాలనీవాసి