సాయంత్రం ఆకుకూర ర్యాక్ ఎందుకు ఖాళీగా ఉంటోందంటే

మన దుకాణానికి వచ్చే అందరికీ నమస్కారం. ఈ మధ్య రాత్రి ఏడు దాటాక వచ్చినవాళ్లకు తోటకూర, పాలకూర, పుంటికూర దొరకడం లేదు. "ఏందన్నా, ఆకుకూరలు బంద్ చేసినవా?" అని అడుగుతున్నారు. బంద్ చేయలేదు. కావాలనే తక్కువ తెస్తున్నాం.

షట్టర్ దించేదాకా ర్యాక్ నిండుగా కనపడాలంటే అమ్ముడుపోయే దానికంటే ఎక్కువ తేవాలి. నల్లగొండ ఎండలకు పొద్దున తెచ్చిన కట్ట రాత్రికే వాడిపోతుంది, తెల్లారి దాన్ని ఎవరూ ముట్టరు. పారేసిన సరుకు ఖర్చు మీరు కొనే సరుకు మీదనే పడుతుంది. కిలో 30 రూపాయల చొప్పున 10 కిలోల బెండకాయ తెచ్చామనుకోండి, 300 అయింది. అందులో 2 కిలోలు పోతే ఆ 300 మిగిలిన 8 కిలోల మీద రావాలి. అంటే కిలో 37.50. ఇందులో కిరాయి, కరెంటు, కూలి ఇంకా కలపలేదు. పారబోసేది తగ్గితేనే నేను రేటు తగ్గించగలను.

అందుకే ఆకుకూరలు ఇప్పుడు పొద్దున కొన్ని, నాలుగింటికి కొన్ని, రెండు విడతలుగా వస్తున్నాయి. డ్యూటీ దిగి ఆలస్యంగా వచ్చేవాళ్లు మధ్యాహ్నం లోపు వాట్సాప్‌లో ఒక్క మాట చెప్పండి, మీ కట్టలు పక్కకు తీసి పెడతాం.

ఇక బత్తాయి. మన జిల్లా పంట కాబట్టి దీని గురించి నాకు పట్టింపు ఎక్కువ. మంగు పట్టిన కాయ మీలో చాలామంది చూసే ఉంటారు. తొక్క మీద తుప్పు రంగు మచ్చ, తడిమితే కొంచెం గరుకు. కంటికి ఆననంత చిన్న నల్లి కాయ పైపొరను గీరి రసం పీల్చడం వల్ల వచ్చే మచ్చ అది. తొక్క మీదనే ఉంటుంది, లోపలి తొనలకు పాకదు. అయినా మంగు కనపడితే చాలు, మార్కెట్లో రైతుకు రేటు కోస్తారు. మేము ఆ కాయలను కూడా కొంటున్నాం, వేరే గంపలో పోసి తక్కువ ధరకు అమ్ముతున్నాం. మంగు కాయ ఒకటి, నున్నటి కాయ ఒకటి అడ్డంగా కోసి పళ్లెంలో పక్కపక్కన పెట్టాం. తొన తీసుకుని రుచి చూడండి. ఎంచుకునేటప్పుడు రంగు కంటే బరువు చూడండి, చేతిలో బరువుగా ఉన్న కాయలో రసం ఎక్కువ.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల తిండి వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలో, 12 శాతం దుకాణాల్లో. మా వాటా చిన్నదే కదా అని నేను ఊరుకోలేను. మా లాంటి దుకాణాలవాళ్లు మంగు వద్దన్నందుకు, సైజు చిన్నగుందన్నందుకు తోటలో, యార్డులో ఆగిపోయిన సరుకు ఆ 12 శాతంలోకి రాదు. ఆ నష్టం మోసేది రైతు.

దుకాణంలో అరటి, బొప్పాయి ఆ చివరకు ఎందుకు మార్చామని కొందరు అడిగారు. అవి పండేటప్పుడు ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి. పక్కనున్న ఆకుకూరలు, కీర ఆ వాయువుకు తొందరగా పసుపెక్కుతాయి. ఇంట్లో కూడా విడిగా పెట్టుకోండి. అరటిని ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడుతుంది. ఆలుగడ్డ, ఉల్లిగడ్డ ఒకే బుట్టలో వద్దు.

దుకాణం వెనక ఇటుకలతో ఒక తొట్టి కట్టించాం. రెండు వరసల గోడ, మధ్యలో ఇసుక, ఆ ఇసుకను రోజూ తడుపుతాం. నీళ్లు ఆవిరవుతుంటే లోపల చల్లబడుతుంది, కరెంటు అక్కర్లేదు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేసిన పద్ధతి ఇది. పొడి ఎండల్లో వంకాయ, బెండకాయ, కూరలు ఇందులో తాజాగా నిలబడుతున్నాయి. గాలిలో తేమ ఎక్కువగా ఉండే వానాకాలంలో అంత చల్లదనం రాదు, అప్పుడు సరుకు ఇంకా తగ్గించి తెస్తాం.

టమాటా మాత్రం ఇంకా టెన్షనే. క్రేట్‌లో అడుగున ఉన్నవి దారిలోనే నలుగుతాయి, మిగిలినవాటిని బొటనవేలితో నొక్కి నొక్కి చూస్తారు. నొక్కిన చోట మర్నాటికి నీరు కారుతుంది, పక్కనున్న నాలుగు కాయలను కూడా అదే పాడుచేస్తుంది. అక్కలారా, అన్నలారా, దయచేసి నొక్కకండి. గట్టివి కావాలంటే అడగండి, ఏరి ఇస్తాం.

మెత్తబడ్డ టమాటాలను పొద్దున, సాయంత్రం ఏరి కాంటా పక్కన ఎర్ర ట్రేలో పోస్తున్నాం. పప్పుకు, చారుకు, పచ్చడికి బాగుంటాయి. రాత్రి ఎనిమిది తర్వాత ఆ ట్రేలోవి సగం ధర. బేరం ఆడాల్సిన పని లేదు, కావలసినన్ని తీసి కాంటా మీద పెట్టండి.