ఇకరుగలో మా వెంట నడిచిన గైడ్ గారికి కృతజ్ఞతలు

జపాన్‌లో నారా దగ్గర ఇకరుగ అనే చిన్న ఊళ్లో మా అమ్మానాన్నలకి పాత బౌద్ధాలయాలు దగ్గరుండి చూపించిన వాలంటీర్ గైడ్ గారికి ఈ పోస్టు. పేరు రాయొద్దన్నారు కాబట్టి ‘ఆవిడ’ అనే రాస్తున్నాను. వీళ్లు డబ్బు తీసుకోరు. దారి ఖర్చులు, గుడి టికెట్లు మనం పెట్టుకుంటే చాలు. సాయంత్రం నాన్న కవరు ఇవ్వబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నారు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

అమ్మకి మోకాళ్ల నొప్పులు. నాన్న ప్రతిదీ గుచ్చి గుచ్చి అడిగే మనిషి. నా టెన్షన్ అంతా వీళ్లిద్దరితోనే. ఆవిడ మాత్రం సంచిలో మడత స్టూల్ వేసుకొచ్చారు! ఆవరణలో అంతా కంకర. అమ్మ ఆగినచోటల్లా స్టూల్ వేసి, అక్కణ్ణుంచి కనిపించేదాని గురించే చెప్పారు. ‘పదండి, లేటవుతోంది’ అన్న మాట ఒక్కసారీ రాలేదు.

సగం రోజు హోర్యూజీ గుడిలోనే గడిచింది. 607లో షోతోకు రాకుమారుడు కట్టించాడంటారు. 670లో కాలిపోతే మళ్లీ కట్టారు. అయినా ఇప్పటికీ నిలబడి ఉన్న చెక్క కట్టడాల్లో ప్రపంచం మొత్తం మీద ఇవే పాతవి. ఇంతవరకు నేనూ చదువుకునే వెళ్లాను. ఐదంతస్తుల పగోడా కొసన నాలుగు కొడవళ్లు ఉంటాయని మాత్రం ఆవిడ వేలు పెట్టి చూపించేదాకా తెలీదు. పిడుగు పడకుండా పెట్టారని చెప్పుకుంటారట.

పగోడా కింది అంతస్తులో, ఉత్తరం వైపు జాలీ వెనక 711 నాటి మట్టి బొమ్మలున్నాయి. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా కదలొద్దన్నారు. మెల్లగా కనిపించింది, బుద్ధుడి నిర్యాణం. చుట్టూ శిష్యులు. ఒకడు తల పైకెత్తి, నోరంతా తెరిచి, గుండెలు బాదుకుంటున్నాడు. “అయ్యో, మన ఇళ్లల్లోలాగే ఏడుస్తున్నారే” అంది అమ్మ.

నాన్నది గుంటూరు, అమరావతి స్తూపం బాగా ఎరిగినవారు. “దీని కింద కూడా బుద్ధుడి ధాతువులు (అస్థికలు) ఉన్నాయా?” అని అడిగారు. ఉన్నాయట, నడిమి స్తంభం అడుగున. మన స్తూపమే చైనా, కొరియాల మీదుగా వచ్చి పగోడా అయిందని చెబుతూ, ఆవిడ ఇంకో మెలిక పెట్టారు. ఆ స్తంభానికి వాడిన చెట్టు 594లో కొట్టిందని చెక్కలోని వలయాలు చెబుతున్నాయి. మరి 670 తర్వాత కట్టిన గోపురంలోకి అంత పాత మాను ఎలా వచ్చింది? నాన్నకి ఆ రోజంతా అదే ధ్యాస.

తిండి విషయమూ చెప్పాలి. అక్కడ సూపుల్లో చేపల రసం పడుతుంది, అమ్మానాన్నలు శాకాహారులు. ఆవిడ ఇంటి దగ్గరే ఉమెబోషి (ఉప్పులో ఊరబెట్టిన పుల్లటి పండు) పెట్టి అన్నం ముద్దలు చేసి తెచ్చారు. ఉప్పగా, నాలుక జివ్వుమనేంత పుల్లగా ఉంటుంది. నాన్న అడిగి మరీ ఇంకోటి తిన్నారు.

తర్వాత చూగూజీ గుడి త్వరగా చూసేశాం. హోరింజీ గుడి దగ్గర అమ్మ ఇక నా వల్ల కాదంది. అక్కడి పగోడా 1944లో పిడుగుపాటుకి కాలిపోతే 1975లో మళ్లీ కట్టారు. ఆవిడ టాక్సీ పిలిచి అమ్మనీ నన్నూ ఎక్కించి, తను నాన్నతో పొలాల పక్కనుంచి నడిచి హోకిజీకి వచ్చారు. 706 నాటి మూడంతస్తుల పగోడా అక్కడిది. వాళ్లొచ్చేసరికి ఇద్దరూ ఇంకా ఆ చెట్టు గురించే మాట్లాడుకుంటున్నారు.

మా తరఫున జపనీస్‌లో ఫోన్ చేసి గైడ్‌ని ఏర్పాటు చేసిన మా ఆఫీసు మిత్రుడికి కూడా చాలా చాలా థాంక్స్. ఎవరైనా వెళ్లేటట్టయితే ముందుగానే అడిగి పెట్టుకోండి. వెంట పెద్దవాళ్లుంటే ఆ మాటా చెప్పండి.