నీళ్లు తాగకుండా భీమిలి దాకా

సంపాదకులకు నమస్కారం.

మే నెలలో ఒక శనివారం మేము ఐదుగురం కారులో విశాఖ నుంచి భీమిలి బయలుదేరాం. తొందరేమీ లేదు. నచ్చిన చోటల్లా ఆగుతూ వెళ్లి, గోస్తనీ సముద్రంలో కలిసే చోట సాయంత్రం దాకా కూర్చుని రావాలనుకున్నాం. ఎడమ పక్క కొండలు, కుడి పక్క సముద్రం, మధ్య మధ్య సరుగుడు తోటలు. ఇంత అందమైన దారి మన రాష్ట్రంలో ఇంకోటి లేదని నా నమ్మకం.

తెన్నేటి పార్కు దగ్గర ఆగి ముంజలు తిన్నాం. మా అత్తయ్య ఒక్కటి తిని చాలన్నారు. ఆవిడకు 68 ఏళ్లు, షుగర్ ఉంది. కొబ్బరి నీళ్లూ వద్దన్నారు, సీసాలో నీళ్లూ వద్దన్నారు. గట్టిగా అడిగితే, "తాగితే తర్వాత ఎక్కడికి వెళ్లనమ్మా?" అన్నారు. నిజం చెప్పాలంటే ఆ రోజు పొద్దున్నుంచి నేను తాగింది కూడా ఒక్క గ్లాసే. పద్నాలుగేళ్ల మా అమ్మాయీ అంతే. మాకెవరూ చెప్పలేదు, మేము మాట్లాడుకోనూ లేదు. ప్రయాణమంటే ఆడవాళ్లం ముందు నీళ్లు మానేస్తాం. చెమట ధారగా కారే సముద్రతీరపు ఎండలో ఇది ఎంత ప్రమాదమో డాక్టర్లను అడగక్కర్లేదు. నేను టీచర్ని. బడిలో ఆడపిల్లలు సాయంత్రం దాకా నీళ్ల సీసా మూత తీయకపోవడం కూడా రోజూ చూస్తుంటాను.

దారిలో ఒక పెట్రోల్ బంకులో ఆగాం. మరుగుదొడ్డికి తాళం ఉంది. తాళంచెవి ఉన్నతను భోజనానికి వెళ్లాడన్నారు. బంకుల్లో ఈ సౌకర్యం ఉచితంగా ఇవ్వాలన్నది నిబంధన. ఇంకాస్త ముందుకెళ్తే ఒకటి తెరిచే ఉంది గానీ గడియ లేదు, నీళ్లూ లేవు. చివరికి రోడ్డు పక్కన చేపలు వేయించి అమ్మే ఒకావిడ అత్తయ్య అవస్థ చూసి, బేరం వదిలేసి తన ఇంటికి తీసుకెళ్లింది. ఆ తల్లి మేలు మరచిపోలేం. ఆమె ఇల్లు దగ్గర కాబట్టి సరిపోయింది. దూరం ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చి, రాత్రి దాకా మొక్కజొన్న పొత్తులు, మురీ మిక్చర్ అమ్ముకునే ఆడవాళ్లు రోజూ ఏం చేస్తున్నారు?

మగవాళ్లు కారు ఆపి తోటల్లోకి, ఎర్రమట్టి దిబ్బల సందుల్లోకి వెళ్తున్నారు. వేల ఏళ్లుగా ఏర్పడిన ఆ దిబ్బలను భూవైజ్ఞానిక వారసత్వ ప్రదేశంగా గుర్తించారు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశాల తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. అలాంటి చోట కాలు పెట్టాలంటే ముక్కు మూసుకోవాల్సి వస్తోంది.

మనకు చేతకాని పనేం కాదు ఇది. రుషికొండ బీచ్‌కు 2020లో, శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. శుభ్రమైన మరుగుదొడ్లు ఉండాలన్నది ఆ గుర్తింపు షరతుల్లో ఒకటి. ఆ ఒక్క బీచ్‌కు పెట్టిన శ్రద్ధ మిగతా దారికి ఎందుకు పెట్టకూడదు? ఇటు విశాఖ, అటు భీమిలి రెండూ ఇప్పుడు ఒకే మహా నగరపాలక సంస్థ కింద ఉన్నాయి. మాది కాదంటే మాది కాదనే తగువుకు కూడా చోటు లేదు.

ఇసుకలో కొత్త కట్టడాలు కట్టమని అడగడం లేదు. రోడ్డుకు కొండ వైపున, బస్టాపుల దగ్గర, మూడు నాలుగు కిలోమీటర్లకు ఒకటి చాలు. గడియ, నీళ్లు, లైటు ఉండాలి. అన్నిటికంటే ముందు, జీతం తీసుకుని చూసుకునే మనిషి ఉండాలి. కట్టడం మనకు బాగానే వచ్చు, ఆర్నెల్ల తర్వాత తాళం వేయడం కూడా అలవాటైపోయింది. ఆ ఊళ్ల పొదుపు సంఘాలకే అప్పగిస్తే పదిమందికి పని దొరుకుతుంది. ఐదో పదో తీసుకున్నా సంతోషంగా ఇస్తాం. తర్వాతిది ఎంత దూరంలో ఉందో బోర్డు పెడితే సగం టెన్షన్ అక్కడే తీరుతుంది. శని, ఆదివారాల్లో రాత్రి పది దాకా తెరిచి ఉంచాలి, జనం వచ్చేది అప్పుడే.

వచ్చే వారం మా ఆడపడుచు కుటుంబం హైదరాబాద్ నుంచి వస్తోంది. పిల్లలు భీమిలి వెళ్దామంటున్నారు. అత్తయ్య మాత్రం, "మీరు వెళ్లి రండి, నేను ఇంట్లో ఉంటాను" అంటున్నారు.

– ఒక ఉపాధ్యాయురాలు, విశాఖపట్నం