మన కాలనీ సంఘం, కావలి: 2023-24 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

ఈ ఏడు వానలకు ముందే సైడు కాలువల్లో పూడిక తీయించాం. ఆరిపోయిన వీధి దీపాలు మార్పించాం. సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగింది. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. అందుకని ఎక్కువమంది అడుగుతున్న పఠన మందిరం కంప్యూటర్ల సంగతికి నేరుగా వస్తున్నాం.

అక్కడి మూడు కంప్యూటర్లూ ఉబుంటు అనే, విండోస్ లాంటి సిస్టమ్‌తో నడిచేవే. ఆగస్టులో మొదటిదాన్ని ఆన్ చేస్తే నల్ల తెర తప్ప ఏమీ రాలేదు. చూడటానికి వచ్చినవారు ఫార్మాట్ కొట్టాలన్నారు, మేమూ సరేనన్నాం. కంప్యూటరు బాగైంది కానీ పుస్తకాల జాబితా, ఏ పుస్తకం ఎవరింట్లో ఉందన్న లెక్క రెండూ పోయాయి. వేరేచోట నకలు పెట్టుకోకపోవడం కార్యవర్గం తప్పు. ఇద్దరు సభ్యురాళ్ళు దసరా సెలవులన్నీ అలమారాల ముందే కూర్చొని జాబితా మళ్ళీ రాశారు. వారి మేలు మరవలేం.

డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందు రోజుల్లో ఇంటి దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకాలు తడిసిపోతాయేమోనని చాలామంది తెచ్చి స్కాన్ చేయించుకున్నారు. కరెంటు వచ్చాక రెండో కంప్యూటరు పెడితే, పాస్‌వర్డ్ కొట్టగానే తెర ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ పాస్‌వర్డే అడిగింది. ఎన్నిసార్లు కొట్టినా అంతే. పత్రాలన్నీ అందులోనే ఉన్నాయి. ఈసారి ఫార్మాట్ మాట ఎవరినీ ఎత్తనివ్వలేదు.

నెల్లూరులో ఇంజనీరింగ్ చదివే మన వీధి అబ్బాయి వచ్చి చూశాడు. బొమ్మలు, కిటికీలు చూపించే డెస్క్‌టాప్ వేరు, దాని అడుగున నడిచే సిస్టమ్ వేరు, పైది లేవకపోయినా కిందిది పనిచేస్తూ ఉండొచ్చు అన్నాడు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే అక్షరాల తెర వచ్చింది. అక్కడ పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనబడవు, కీబోర్డు పోయిందని కంగారు పడకండి. డిస్కులో ఎంత చోటు మిగిలిందో చూపే డీఎఫ్ మైనస్ హెచ్ (df -h) అన్న ఆదేశం కొడితే డిస్కు నూటికి నూరు నిండినట్టు తేలింది. లాగిన్ అయ్యేటప్పుడు డెస్క్‌టాప్ మన ఫోల్డరులో కొన్ని చిన్న ఫైళ్ళు రాసుకోవాలి. రాసుకోను చోటు లేక వెనక్కి తిరిగిపోతోంది. స్కాన్లు సరిగా రాలేదని చెరిపేసినవన్నీ ట్రాష్‌లో, అంటే కంప్యూటరు చెత్తబుట్టలో, అలాగే కూర్చొని చోటు తినేశాయి. ట్రాష్ ఖాళీ చేశాక డెస్క్‌టాప్ లేచింది. ఒక్క కాగితం పోలేదు. పత్రాలు ఎవరివి వారి పెన్‌డ్రైవులకు ఎక్కించి, కంప్యూటరులోంచి తీసేశాం. పదిమంది వాడే చోట అలాంటివి ఉంచకూడదు.

మూడోది నడుస్తుండగా కరెంటు పోవడంతో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అన్న మాట దగ్గరే ఆగిపోయింది. డిస్కులో తప్పులు వెతికి సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే (fsck) అన్న ఆదేశం నడిపితే దారికొచ్చింది.

ఆగస్టు సంగతి ఇప్పటికీ మనసులో మెదులుతూనే ఉంది. ఆ ముందురోజే అప్‌డేట్ పెట్టాం. కంప్యూటరు లేచేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో, అప్‌డేట్‌కు ముందున్న పాత కెర్నెల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) ఎంచుకొని ఒకసారి చూసి ఉండాల్సింది. అది కూడా చూడకుండానే అంతా చెరిపించాం.

ఇప్పుడు ప్రతి శనివారం రెండు పెన్‌డ్రైవులకు నకలు తీస్తున్నాం. కంప్యూటర్ల పక్కన ఒక నోటుబుక్కు పెట్టాం. తెర మీద ఏ మాటలు కనబడ్డాయో, అంతకుముందు ఏం చేశారో ఉన్నదున్నట్టు అందులో రాయండి. సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

మూడింటికీ యూపీఎస్‌లు కొనడానికి ఈ సర్వసభ్య సమావేశంలో మీ అనుమతి కోరుతున్నాం.

కార్యదర్శి