గుర్తుల చాటున ద్వేషం: మీ రిపోర్టింగ్ విభాగంపై ఫిర్యాదు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: సంకేతాలతో రాసిన ద్వేష వ్యాఖ్యలను తొలగించకపోవడం గురించి.

అయ్యా/అమ్మా,

హిట్లర్ నాజీలు యూదుల్ని సామూహికంగా చంపిన ఆష్‌విట్జ్ శిబిరాన్ని 1945లో సోవియట్ సైన్యం విముక్తం చేసిన జనవరి 27 సందర్భంగా, మీ సోషల్ మీడియాలో ఉన్న మా చరిత్ర పేజీలో తెలుగులో ఒక పోస్టు పెట్టాం. అక్కడి నుంచి ప్రాణాలతో బయటపడ్డ ఇటలీ యూదు రచయిత ప్రీమో లెవీ గురించి కూడా రాశాం. కాసేపటికే కొత్త ఖాతాల నుంచి కామెంట్లు మొదలయ్యాయి. ఒక్క బూతు మాట లేదు. ఒకరు లెవీ పేరుకి అటూ ఇటూ మూడేసి బ్రాకెట్లు పెట్టారు. ఇంకొకరు "88" అని మాత్రం రాసి పోయారు. మరొకరు "109, త్వరలో 110" అన్నారు. అన్నిటినీ రిపోర్ట్ చేస్తే అన్నిటికీ ఒకటే జవాబు: మీ ప్రమాణాలకు విరుద్ధంగా ఏమీ లేదట.

మీకు దొరక్కూడదనే అలా రాస్తారండీ. ఇంగ్లీషు అక్షరాల్లో ఎనిమిదోది హెచ్. రెండు ఎనిమిదులంటే "హైల్ హిట్లర్", అంటే హిట్లర్‌కు జై అనే నాజీ నినాదం. యూదుల్ని 109 దేశాలు వెళ్లగొట్టాయన్నది వాళ్ల ప్రచారం, 110 అంటే ఇక తర్వాతి దేశం వంతు అని. ఆ బ్రాకెట్లు "వీడు యూదుడు, చూసుకోండి" అని వేలెత్తి చూపడానికి. ఇదేమీ కొత్త రహస్యం కాదు. యూదుల పేర్లకు ఆ బ్రాకెట్లు తగిలించే ఒక క్రోమ్ ఎక్స్‌టెన్షన్‌ను (బ్రౌజర్‌కి జోడించుకునే చిన్న ప్రోగ్రామ్) గూగుల్ 2016 జూన్‌లోనే తీసేసింది. అదే నెలలో అమెరికాలో యూదు ద్వేషంపై పోరాడే యాంటీ డిఫమేషన్ లీగ్ అనే సంస్థ ఆ గుర్తును తన ద్వేష చిహ్నాల జాబితాలో చేర్చింది. ఆ జాబితా ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు, పైసా కట్టక్కర్లేదు.

ఇంతలో మా పేజీ సభ్యురాలు ఒకావిడ గృహప్రవేశం ఫొటో పెడితే, పసుపు రాసిన గుమ్మం మీద కుంకుమతో వేసిన స్వస్తిక్ ఉందని తీసేశారు! నాజీల హాకెన్‌క్రాయిజ్ (వాళ్ల జెండా మీది కొక్కేల శిలువ గుర్తు) వేరు, హిందువులు, బౌద్ధులు, జైనులు పవిత్రంగా చూసే స్వస్తిక్ వేరు అని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2022లో చట్టంలోనే రాసుకుంది. మీ సిస్టమ్ ఆకారం చూసి ఆగిపోతోంది, పక్కన మామిడి తోరణం ఉన్నా దానికి పట్టదు.

88 రాసిన ప్రతివాణ్ణీ పట్టుకోమని మేం అనడం లేదు. 1988లో పుట్టినవాళ్లు ఐడీల్లో ఆ అంకె పెట్టుకుంటారు. చైనాలో అది అదృష్ట సంఖ్య. ఆష్‌విట్జ్ పోస్టు కింద ఒంటరిగా కనబడితే మాత్రం ఎవరి పుట్టిన సంవత్సరం అనుకోవాలి?

ఆ కామెంట్లను మా పోస్టుతో కలిపి తెలుగు వచ్చిన మనిషి చేత చదివించండి. ఎందుకు అభ్యంతరమో చెప్పడానికి మీ రిపోర్ట్ ఫారంలో రెండు ముక్కలు రాసే చోటు కూడా లేదు, అది పెట్టండి. ఆవిడ ఫొటో తిరిగి పెట్టండి. ఐటీ నిబంధనలు, 2021 ఇచ్చిన గడువులోగా కారణాలతో జవాబు రాకపోతే మీ నిర్ణయాలపై అప్పీళ్లు వినే కేంద్ర ప్రభుత్వ గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి వెళ్తాం. స్క్రీన్‌షాట్లు జత చేశాం.

ఇట్లు,
పేజీ నిర్వాహకులు,
హైదరాబాద్