కార్డు మూసేశామని చెప్పే బాధ్యత ఎవరిది?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఈ నెల మొదటి ఆదివారం మీ ఆర్థిక పుటలో, వాడకుండా పడి ఉన్న క్రెడిట్ కార్డులను బ్యాంకులు రద్దు చేయడం అందరికీ మేలేనని ఒక వ్యాసం వచ్చింది. చదివిన పూటే జవాబు రాయాలనుకున్నాను. నా భార్య చేతి కట్టు కోసం తెనాలి నుంచి గుంటూరుకు తిరగడంతో రెండు వారాలు గడిచిపోయాయి. ఆ కట్టుకూ ఈ ఉత్తరానికీ సంబంధం ఉంది కాబట్టి ఆలస్యమైనా రాస్తున్నాను.

మీ వ్యాసకర్త మాలాంటి వాళ్లను 'పట్టించుకోని ఖాతాదారులు' అన్నారు. ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది. పదిహేనేళ్లుగా ఒక్క బిల్లు కూడా గడువు దాటనివ్వలేదు. అబ్బాయి ఇంజనీరింగ్ ఫీజులు ఆ కార్డు మీదే కట్టి, నెల తిరిగేలోగా పైసలతో సహా తీర్చేశాను. వాడు ఉద్యోగంలో చేరాక కార్డుతో పని తగ్గింది. ఆపద వస్తే ఉంటుందని బీరువాలో దాచాను. ఇది పట్టించుకోకపోవడం ఎలా అవుతుంది?

ఆపద జూన్ 27 రాత్రి వచ్చింది. నా భార్య స్నానాల గదిలో జారిపడింది, మణికట్టు ఎముక విరిగింది. ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు ముందుగా నలభై వేలు కట్టమన్నారు. పింఛను ఒకటో తేదీకి గాని రాదు. కార్డు ఇచ్చాను. కౌంటరులోని అమ్మాయి మూడుసార్లు గీసి, 'పనిచేయడం లేదు సార్' అంది. నా వెనుక వరుసలో పదిమంది నిలబడి ఉన్నారు. ముప్ఫై ఎనిమిదేళ్లు పిల్లలకు వడ్డీ లెక్కలు చెప్పినవాణ్ణి, అప్పు పుట్టనివాడిలా అక్కడ నిలబడిపోయాను. పుణెలో ఉన్న అబ్బాయిని నిద్ర లేపి డబ్బు వేయించాను. అబ్బాయి లేనివాళ్లు ఆ రాత్రి ఏం చేయాలో మీ వ్యాసకర్త చెప్పలేదు.

మర్నాడు బ్యాంకువారి ఫోను నంబరుకు చేస్తే ఒకటి నొక్కండి, నాలుగు నొక్కండి అంటూ ఇరవై నిమిషాలు తిప్పి, చివరకు ఏడాదికి పైగా వాడనందున ఖాతాను ఏప్రిల్‌లోనే మూసేశామని చెప్పారు. చెప్పకుండా ఎలా మూస్తారని అడిగితే, మెసేజ్ పంపామన్నారు. వెతికాను. నిజమే, పంపారు. వ్యక్తిగత రుణం ఇస్తామని, బంగారం తాకట్టు పెట్టుకుంటామని, పండుగ తగ్గింపులని అదే పేరుతో వచ్చిన ముప్ఫై నలభై మెసేజ్‌ల మధ్య రెండు ఆంగ్ల వాక్యాలు ఉన్నాయి. మా శాఖ మేనేజరు మర్యాదస్థుడే. కానీ కార్డుల విభాగం వేరే నగరంలో ఉందని, తన కంప్యూటరులో ఆ వివరాలు కనిపించవని అన్నారు. ఖాతా తెరిచేటప్పుడు సంతకాలు పెట్టించుకున్నది ఆ శాఖలోనే, ఆ బల్ల దగ్గరే.

నిబంధన నాకు తెలియక రాయడం లేదు. క్రెడిట్, డెబిట్ కార్డుల గురించి రిజర్వ్ బ్యాంకు 2022 ఏప్రిల్ 21న జారీ చేసిన ఆదేశాలను దగ్గర పెట్టుకుని చదివాను. ఏడాదికి పైగా వాడని కార్డును మూసే ప్రక్రియ మొదలుపెట్టవచ్చు. అయితే ముందు కార్డుదారుకు తెలియజేయాలి. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోతే, బకాయిలు లేనప్పుడు మూసేయాలి. మూసిన సంగతిని ముప్ఫై రోజుల్లోగా రుణ చరిత్ర నమోదు చేసే సంస్థలకు పంపాలి. ఖాతాలో కార్డుదారు సొమ్ము మిగిలి ఉంటే అతని బ్యాంకు ఖాతాకు బదిలీ చేయాలి. ఇంతవరకు నాకు అభ్యంతరం లేదు. వాడని కార్డు దొంగల చేతిలో పడే ప్రమాదం ఉందన్న మీ వ్యాసకర్త మాటనూ ఒప్పుకుంటాను. నా గొడవంతా 'తెలియజేయాలి' అనే ఒక్క మాట దగ్గర ఉంది. పంపడం వేరు, తెలియజేయడం వేరు. చేరిందో లేదో చూసుకోనిది తెలియజేయడం కాదు.

అవే ఆదేశాల్లో మరో సంగతి ఉంది. మనమే కార్డు మూసేయమని కోరితే, బకాయిలు లేని పక్షంలో ఏడు పని దినాల్లో మూయాలి. ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయల చొప్పున మనకు చెల్లించాలి. మంచి నిబంధన. మరి వాళ్లంతట వాళ్లు మూసినప్పుడు ఆ కబురు మనకు చేరకపోతే రోజుకు ఎంత? అక్కడ ఏమీ రాయలేదు. అక్కడ కూడా అదే 500 రాయాలని నేను అడుగుతున్నాను. రాసిన మర్నాటి నుంచే స్పీడ్ పోస్టులో ఉత్తరాలు వస్తాయి. కార్డు షరతులు సరళంగా, వీలైనంత వరకు ఆంగ్లం, హిందీలతో పాటు స్థానిక భాషలోనూ ఉండాలని ఆ ఆదేశాలే చెబుతున్నాయి. అమ్మేటప్పుడు ఏజెంట్లు చక్కటి తెలుగులోనే మాట్లాడతారు. మూసేటప్పుడు తెలుగు ఎందుకు మాయమవుతుంది? నాకు ఆంగ్లం వచ్చు. మా వీధిలో కార్డున్న ప్రతి ఒక్కరికీ రాదు.

కార్డు ఎందుకు వాడలేదో కూడా చెబుతాను. మా మార్కెట్‌లో కిరాణా కొట్టు మొదలు మందుల షాపు దాకా క్యూఆర్ కోడ్ అట్ట తప్ప స్వైపింగ్ మిషన్ లేదు. క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకునే వీలును 2022లో మొదట మన దేశపు కార్డు వ్యవస్థ అయిన రూపే కార్డులకు ఇచ్చారు. నాది రూపే కార్డు కాదు. వాడే చోటు లేకుండా పోయింది, వాడలేదని ఖాతా మూసేశారు. ఇందులో నా నిర్లక్ష్యం ఎక్కడుందో మీ వ్యాసకర్త చూపించాలి.

లెక్కల మాస్టారిని కాబట్టి ఒక లెక్క కూడా రాస్తాను. మూసేసిన కార్డు పరిమితి లక్షన్నర. యాభై వేల పరిమితితో నా దగ్గర రెండో కార్డు ఒకటి ఉందనుకోండి. నెలకు ఇరవై వేలు దాని మీద వాడతాననుకోండి. నిన్నటి దాకా రెండు లక్షల్లో ఇరవై వేలు, అంటే పది శాతం. నేడు యాభై వేలలో ఇరవై వేలు, అంటే నలభై శాతం. నా ఖర్చు రూపాయి పెరగలేదు. కానీ అప్పిచ్చే ముందు బ్యాంకులు చూసే, మన రుణ చరిత్రకు 300 నుంచి 900 వరకు వేసే క్రెడిట్ స్కోరులో, పరిమితిలో ఎంత భాగం వాడుతున్నామన్నది ఒక ముఖ్యమైన కొలత. ముప్ఫై శాతం దాటనివ్వవద్దని బ్యాంకుల వాళ్లే హితవు చెబుతారు. కార్డు రద్దయితే 'ఖాతాదారుకు నష్టమేమీ ఉండదు' అని మీ పుటలో అచ్చువేసేటప్పుడు ఎవరైనా ఈ చిన్న భాగహారం చేసి చూశారా? సిబిల్‌తో కలిపి నాలుగు సంస్థలు ఈ రుణ చరిత్రలు రాస్తున్నాయి. ప్రతి సంస్థ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. తప్పు దిద్దమని అడిగితే ముప్ఫై రోజుల్లో దిద్దాలి, లేకపోతే ఆ తరువాత రోజుకు 100 రూపాయలు పరిహారం. ఇవి కదా మీ పాఠకులకు చెప్పవలసినవి!

ఇంకో ప్రమాదం కూడా ఉంది. నా పాత సహోద్యోగి కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం పోయి బాధపడుతుండగా బ్యాంకు అతని కార్డు ఆపేసింది. కార్డే లేనప్పుడు కట్టేదేముందని ఆ అబ్బాయి ఊరుకున్నాడు. కార్డు ఆగినా బకాయి ఆగదు. నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ నడుస్తూనే ఉంటుంది. పైగా ఆలస్య రుసుము, దాని మీద జీఎస్‌టీ. ముప్ఫై వేల బాకీ అతని కళ్ల ముందే యాభై వేలు దాటింది. ఆపేసిన రోజే 'మీ బకాయి ఇంత, ఫలానా తేదీలోగా ఇలా కట్టండి' అని తెలుగులో ఒక కాగితం ఇంటికి వస్తే ఆ కుటుంబం పరిస్థితి ఇంత దాకా వచ్చేది కాదు. వసూలు మనుషులు మాత్రం ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఉత్తరానికి దొరకని చిరునామా వాళ్లకు దొరికింది.

దేశంలో క్రెడిట్ కార్డును తొలినాళ్లలోనే, 1981లో, జనం చేతికిచ్చిన బ్యాంకుల్లో మన ఆంధ్రా బ్యాంకు ఒకటి. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన బ్యాంకు అది. 2020 ఏప్రిల్ 1న విలీనమై ఆ పేరు బోర్డుల మీద నుంచి పోయింది. (నా కార్డు ఇచ్చింది ఆ బ్యాంకు కాదు, దాన్ని విలీనం చేసుకున్నదీ కాదు.) ఆ రోజుల్లో ఖాతాలో చిన్న తేడా వచ్చినా గుమాస్తా బడికి కబురు పంపేవాడు. ఇప్పుడు ఏ బ్యాంకుకు వెళ్లినా ముఖం చూసి మాట్లాడే మనిషి తగ్గిపోయాడు. 'యాప్‌లో చూసుకోండి' అనేది ఒక్కటే సమాధానం. డెబ్బై ఏళ్ల మనిషి యాప్‌లో చూసుకోలేకపోతే అది అతని తప్పయిపోయింది. కరెంటు ఆఫీసులోనూ, పురపాలక సంఘంలోనూ ఇదే మాట. సేవ చేయవలసినవారు సమాచారాన్ని ఒకచోట పడేసి, వెతుక్కోవడం మన వంతు అంటున్నారు.

నాకు ఎక్కువ కోపం తెప్పించినది ఇంకా చెప్పలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన పదో రోజున అదే బ్యాంకు తరఫున ఒక అమ్మాయి ఫోను చేసి, మీ చరిత్ర చాలా బాగుంది, కొత్త కార్డు ఇస్తాం, జీవితకాలం ఉచితం అంది. పాతది కూడా ఈ మాట చెప్పే ఇచ్చారమ్మా అన్నాను. ఆ పిల్లను కోప్పడి లాభం లేదు. చరిత్ర బాగున్నవాడికి కొత్త కార్డు అమ్మడానికి మనిషి చేత ఫోను చేయించగలిగినవారు, పాత కార్డు మూసే ముందు ఒక్క ఫోను చేయించలేకపోయారా?

బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. ముప్ఫై రోజులు గడిచినా జవాబు లేదు. ఇప్పుడు బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపాను. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఇంటర్నెట్ రానివాళ్లు చండీగఢ్‌లో ఈ ఫిర్యాదులు తీసుకునే కేంద్రానికి పోస్టులో కూడా పంపవచ్చు. 14448కి ఫోను చేస్తే ఎలా పంపాలో చెబుతారు. ఈ నాలుగు మాటలు మీ వ్యాసంలో ఒక్క మూల కూడా కనిపించలేదు. దయచేసి వచ్చే ఆదివారం అదే పుటలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. మూసేసిన ఖాతాలో నాకు రావలసిన 1,860 రూపాయలు ఉన్నాయి. ఈ ఉత్తరం రాసే నాటికి అవి నా పింఛను ఖాతాలో పడలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
తెనాలి