గోపాల్‌పూర్ తీరంలోని పాత హోటళ్లు: కూల్చే ముందు పరీక్షించండి

సంపాదకులకు నమస్కారం.

గోపాల్‌పూర్ సముద్రతీరంలో ముప్పై నలభై ఏళ్ల కిందట కట్టిన పర్యాటక బసలను, హోటళ్లను పడగొట్టి, వాటి స్థానంలో ఎత్తైన కొత్త భవనాలు కట్టాలన్న మాట ఈ మధ్య బరంపురంలో నలుగురు కలిసిన చోటల్లా వినిపిస్తోంది. పెచ్చులూడిన బాల్కనీలు, గోడల మీదుగా కారిన తుప్పు చారలు చూసినవారు అలా అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. అయితే కట్టడాల పర్యవేక్షణలోనే ఉద్యోగ జీవితమంతా గడిపి విరమించిన నాకు ఈ తొందర మంచిదిగా తోచడం లేదు. ఏ భవనాన్నైనా కూల్చాలని నిర్ణయించే ముందు దానిలో ఎంత బలం మిగిలి ఉందో నిపుణుల చేత పరీక్ష చేయించి, ఆ నివేదికను ప్రజల ముందు పెట్టాలన్నదే నా విన్నపం.

సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోని సన్నని రంధ్రాల గుండా ఏళ్ల తరబడి లోపలికి ఇంకి, చివరకు ఇనుప చువ్వలను చేరుతుంది. సిమెంటుకున్న క్షార గుణం వల్ల చువ్వ చుట్టూ ఏర్పడిన రక్షణ పొరను ఆ ఉప్పులోని క్లోరైడు చెదరగొట్టడంతో తుప్పు మొదలవుతుంది. తుప్పుకు అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు కావాలి కనుక, అది లోపలి నుంచి ఒత్తి కాంక్రీటును పగలగొడుతుంది. మనకు కింద రాలి కనిపించే పెచ్చులు అలా వచ్చినవే. కాంక్రీటు కట్టడాలకు మన దేశం పెట్టుకున్న ఐఎస్ 456 ప్రమాణం 1978లో ఇనుము వేసిన కాంక్రీటుకు ఎం15 మిశ్రమాన్ని కూడా అనుమతించింది (ఎం పక్కనున్న అంకె పెరిగే కొద్దీ బలం ఎక్కువ). 2000లో సవరించిన అదే ప్రమాణం తీరపు గాలికి గురయ్యే కట్టడాలకు కనీసం ఎం30 మిశ్రమం, చువ్వల మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే వాటిని కప్పి ఉంచే కాంక్రీటు మందం, ఉండాలని చెబుతోంది. కాబట్టి ఆ రోజుల్లో నిబంధన ప్రకారం నిజాయితీగా కట్టిన భవనానికి కూడా నేటి లెక్కన రక్షణ తక్కువే. దానికి తోడు సరిగా కడగని ఇసుకో, ఉప్పు బావి నీళ్లో వాడిన చోట తుప్పు పట్టించే ఉప్పు బయటి నుంచి రానక్కరలేదు, మొదటి రోజు నుంచే లోపల ఉంటుంది.

కానీ ఈ నష్టం భవనమంతటా ఒకేలా ఉండదు, నేను మరీ మరీ చెప్పదలచినది ఇదే. సముద్రం వైపు బాల్కనీలు, సన్‌షేడ్లు, నీళ్ల ట్యాంకు కింది స్లాబు, స్నానాల గదుల కింది భాగం ముందుగా పాడవుతాయి. లోపలి పిల్లర్లు, వెనుక వైపు బీములు చాలాసార్లు గట్టిగానే ఉంటాయి. చూడటానికి అసహ్యంగా ఉన్న భవనం బలంగా ఉండవచ్చు, నిన్ననే రంగు వేసిన భవనం లోపల చువ్వలు సగానికి సన్నబడి ఉండవచ్చు. సుత్తితో తట్టి బోలు శబ్దం వినడం దగ్గర నుంచి కాంక్రీటు పైభాగం గట్టిదనాన్ని చూసే రీబౌండ్ హ్యామర్, ధ్వని తరంగాలతో లోపలి లోపాలను పట్టే అల్ట్రాసోనిక్ పరీక్ష, చువ్వల తుప్పు అవకాశాన్ని చెప్పే హాఫ్ సెల్ కొలత, కాంక్రీటు నుంచి కోర్ అనే గుండ్రటి ముక్క కోసి బలం, క్లోరైడు శాతం తేల్చడం వరకు ఇందుకు తగిన పద్ధతులన్నీ మన దేశంలో అందుబాటులో ఉన్నాయి. కూల్చి కట్టడానికయ్యే ఖర్చు ముందు ఈ పరీక్షల ఖర్చు లెక్కలోకి రాదు.

విదేశాల్లో వినోద పార్కుల పక్కనున్న హోటళ్లను పాతబడగానే పడగొట్టేస్తారని ఒక వాదన వినవస్తోంది. అక్కడ నిజంగా జరిగింది గమనించదగినది. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో 1971లో పార్కుతో పాటే తెరిచిన కాంటెంపరరీ హోటల్‌లో ఉక్కు చట్రంతో కట్టిన ప్రధాన భవనాన్ని గదులు మార్చుకుంటూ నేటికీ నడుపుతున్నారు. దాని పక్కనున్న ఒక విభాగాన్ని మాత్రం 2007లో తొలగించి, ఆ చోట 2009లో కొత్త టవరు తెరిచారు. పారిస్ దగ్గరి డిస్నీల్యాండ్ హోటల్ 1992 నాటిది. దానిని పడగొట్టకుండా లోపలంతా తిరిగి తీర్చిదిద్ది 2024 జనవరిలో మళ్లీ తెరిచారు. కోట్ల మంది సందర్శకులు, అపారమైన డబ్బు ఉన్న సంస్థ సైతం ఒక్కొక్క విభాగాన్ని విడివిడిగా చూసి నిర్ణయించుకుంది. ఆ ఊళ్లు సముద్రానికి దూరం, మన ఉప్పుగాలి వాటికి లేదు. అందుచేత వాటి ఫలితాన్ని ఇక్కడికి తెచ్చుకోలేము, నిర్ణయానికి వచ్చిన తీరును మాత్రం తప్పక తెచ్చుకోవచ్చు.

మన ఊరి ఉదాహరణే కావాలంటే, 1914లో ఒక ఇటలీ దేశస్థుడు గోపాల్‌పూర్ ఒడ్డున నెలకొల్పిన పామ్ బీచ్ హోటల్ ఉండనే ఉంది. అది తర్వాత ఒబెరాయ్‌ల చేతికి, ఆపై మేఫెయిర్ వారి చేతికి మారి, నేటికీ హోటల్‌గానే నడుస్తోంది.

కూల్చాలనే వారి పక్షాన ఒక బలమైన మాట ఉంది, దాన్ని దాటవేయకూడదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గంటకు 200 కిలోమీటర్ల గాలులతో గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటి గంజాం, గజపతి జిల్లాలను కుదిపేసింది. గాలి ఒత్తిడికి సంబంధించిన ప్రమాణాన్ని 2015లో సవరించి, తుపాన్లు తాకే తూర్పు తీరపు పట్టీకి ప్రత్యేక గుణకాన్ని చేర్చారు. పాత భవనాలు ఆ లెక్కతో కట్టినవి కావు. తుపాను వేళ హోటల్లో చిక్కుకున్న పర్యాటకుడికి, అందులో పనిచేసే మనిషికి ఆ స్లాబే దిక్కు. అందువల్ల పరీక్షలో చట్రమే బలహీనమని తేలిన భవనాన్ని ఒక్క సీజను కూడా నడపనివ్వకూడదు. దసరా సెలవుల ఆదాయం పోతుందని ఆలస్యం చేయడం నేరమే అవుతుంది.

కూల్చిన తర్వాత ఏమి కడతారన్నది మరో ప్రశ్న. తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు 1991లో వచ్చి, 2011లో ఒకసారి, 2019లో మరోసారి మారాయి. ఇప్పటికే కట్టడాలు నిండిన పట్టణ తీరంలో కొత్త నిర్మాణం, అప్పటికే ఉన్న రోడ్డుకో అనుమతి పొందిన కట్టడానికో నేల వైపున మాత్రమే రావాలన్నది వాటి సారాంశం. ఖాళీ అయిన స్థలంలో ఒకటి రెండు గజాలు సముద్రం వైపు జరగాలన్న ఆశ, నాలుగు అంతస్తులు ఎక్కువ వేయాలన్న ఆశ ఎవరికైనా పుడుతుంది. ముందుకు జరిగిన ప్రతి గజమూ ఇసుక మీద పడవలు లాక్కుని, వలలు ఆరబెట్టుకునే మన జాలరి కుటుంబాల నుంచి తీసుకున్నదే. ఉత్తరాన రుషికుల్యా ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మూకుమ్మడిగా గుడ్లు పెట్టే తీరం మనది. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు వెలుతురును బట్టే సముద్రాన్ని గుర్తుపడతాయి కనుక, ఎత్తైన భవనాల దీపాలు వాటికి దారి తప్పిస్తాయన్న సంగతి కూడా అనుమతులిచ్చే వారు పట్టించుకోవాలి.

శిథిలాల మాట చర్చల్లో ఎవరూ ఎత్తడం లేదు. 2016 నాటి కేంద్ర నిబంధనలు కూల్చివేత వ్యర్థాలను వేరు చేసి, నిర్ణీత చోటికి చేర్చే బాధ్యతను కూల్చిన వారి మీదే పెట్టాయి. ఆ చోటు ఎక్కడో ముందే తేల్చకపోతే ఆ రాళ్లూ రప్పలూ సరుగుడు తోటల్లోకో, ఊరి చెరువులోకో చేరతాయి. అలాగే భవనం మూతపడిన రోజుల్లో వంటవాళ్లకు, గదులు శుభ్రం చేసే ఆడవాళ్లకు, దుప్పట్లు ఉతికే వాళ్లకు పని ఎక్కడ చూపిస్తారో అనుమతి పత్రంలోనే రాయించాలి. వీరిలో తెలుగు మాట్లాడేవారు చాలామంది. ఒడియాలో వెలువడే ప్రకటనలు వారికి తెలుగులో కూడా అందేలా చూడటం జిల్లా యంత్రాంగానికి పెద్ద పని కాదు.

కాబట్టి జిల్లా కలెక్టరుగారికి, పర్యాటక శాఖ వారికి మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను. గోపాల్‌పూర్ తీరంలోని పాత బసలన్నింటికీ వచ్చే తుపాను కాలంలోపు నిర్మాణ పరీక్షలు జరిపించండి, నివేదికలను ఒడియాలో, తెలుగులో నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్ కార్యాలయం గోడ మీద పెట్టండి, జాలరులను, ఉద్యోగులను పిలిచి బహిరంగంగా అభిప్రాయాలు వినండి. అది పూర్తయ్యే వరకు ఏ భవనానికీ కూల్చివేత అనుమతి గానీ, దాని స్థానంలో వచ్చే కొత్త నక్షాకు ఆమోదం గానీ ఇవ్వకండి.

ఇట్లు,
విశ్రాంత పర్యవేక్షకుడు, ఒక పాఠకుడు
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా